పిక్క వెనక పట్టీ

ఇంకెంతసేపండీ ఆ గోడని చూడటం? పెచ్చు ఎప్పుడు రాలుతుందా అని కాపలా కాస్తున్నట్టు! ఇటు తిరగండి. నేనింకా బతికే ఉన్నా. పొద్దున ఆక్సిజన్ గొట్టం కూడా తీసేశారు. చూశారా, లేదా?

చూశారట. ఆ తల ఊపడం కూడా ఎంత పిసినారిగా ఊపారో!

మీ గొంతు విని నాలుగు రోజులైంది. నర్సమ్మ అడిగితే తల ఆడిస్తారు, డాక్టరు అడిగితే నేల చూస్తారు, నేనడిగితే గోడ చూస్తారు. నిన్న ఆ పక్క మంచం ఆవిడ మెల్లిగా నావైపు వంగి, "మీ ఆయనకి చిన్నప్పట్నుంచీ మాట రాదా అమ్మా?" అని అడిగింది. ఏం చెప్పను? నవ్వొచ్చింది. నవ్వితే ఛాతీలో పోటు. ఆ పోటుకి ఏడుపొచ్చింది.

ఉండండి... కొంచెం ఊపిరి తీసుకోనీండి.

ఏం లేదు, ఏం లేదు! ఆ బెల్లు మీదనుంచి చెయ్యి తీయండి. మాట్లాడితే ఆయాసం వస్తుందని డాక్టరే చెప్పాడు కదా. ఆగుతా, మళ్ళీ మొదలెడతా. నేను ఆగినప్పుడల్లా పోయాననుకుని మీరు బెల్లు నొక్కితే ఆ నర్సు పిల్ల విసుక్కునేది నా మీద, మీ మీద కాదు.

సరే, వినండి. పొద్దున మీరు మందులకని కిందకి వెళ్ళినప్పుడు ఇస్త్రీ ఆయన వచ్చాడు. అదే, మీ టైలరింగు కొట్టు పక్కనుండే ఆయన. వచ్చినవాడు కుదురుగా కూర్చోడే! నా కాలికేసి చూశాడు, పైన ఫ్యానుకేసి చూశాడు, కాసేపు నీళ్ళు నమిలాడు. కడుపులో ఉన్నది కక్కవయ్యా అని నేనే గద్దించా. కక్కాడు.

మిషను అమ్మేస్తున్నారట కదా!

రేపు మధ్యాహ్నం ఎవరో చూసుకుని పట్టుకుపోతారట కదా! "ఇక జన్మలో కత్తెర ముట్టను" అన్నారట కదా!

అబద్ధమా? కాదు. మీ చెవులు ఎర్రబడ్డాయి, అవే చెబుతున్నాయి.

నాకు కోపం ముందు మిషను గురించి కూడా కాదండీ. ఇస్త్రీ ఆయనతో చెప్పడానికి నోరొచ్చింది, నాతో చెప్పడానికి రాలేదు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అని ఊరికే అన్నారా పెద్దలు? మీలాంటి వాళ్ళని చూసే అనుంటారు.

మిషను అమ్మి ఏం చేస్తారు? అది చెప్పండి. మీకొచ్చింది ఒకటే పని. మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకుంటారు. పాలు చూడమంటే పొంగేదాకా చూస్తూనే ఉంటారు. ఇంట్లో కూర్చుని నాతో కబుర్లు చెబుతారా? ఏం కబుర్లున్నాయి మీ దగ్గర? కాలరు, చంక, నడుము పట్టీ!

కానీ వీధికి ఆ చివర మనిషి నడిచొస్తుంటే కోటు ఎక్కడ పట్టేస్తోందో ఈ చివరనుంచే చెప్పేస్తారు. ఆ లిఫ్టు నడిపే ఆయన్ని మర్చిపోయారా? "బాబూ, నీ కుడిభుజం కాస్త కిందకుంది, అందుకే ఏ చొక్కా వేసినా వంకర" అన్నారు. పాపం ఆయన ఇన్నేళ్ళూ తనకి బట్టలు వేసుకోవడమే చేతకాదనుకున్నాడు. చొక్కా భుజం లోపల ఇంత గుడ్డముక్క పెట్టి కుట్టిచ్చారు. అద్దంలో చూసుకుని దణ్ణం పెట్టినంత పని చేశాడు. అదంతా నాకు చెప్పింది మీరు కాదు లెండి, ఆయనే. బట్టలివ్వడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు.

అవును, నేనే కదా ఇచ్చొచ్చేది! మీరు కుట్టడం, నేను మోయడం. ఇస్త్రీ మడత నలగకుండా చెయ్యి ముందుకి చాచి, ఎన్ని మేడలు, ఎన్ని మెట్లు. ఈ మోకాళ్ళు ఊరికే అరగలేదు. పోయిన నెల డాక్టరు పాత మోకాలి ఎక్స్‌రే చూపించి, "ఏం పని చేసేవారమ్మా?" అంటే, టైలరు పెళ్ళాన్ని అని చెప్పా. ఆయనకి అర్థం కాలేదు.

గుడ్డ మనిషిని బాధపెట్టకూడదు. రోజుకి పదిసార్లన్నా అంటారు ఆ మాట. ఎక్కడన్నా బిగుతుంటే చాలు, మీ కంటికి అది తప్పు. ఊరందరి బిగుతూ వదులు చేసిన చేతులవి. వాటిని ఇప్పుడు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు, బళ్ళో తిట్లు తిన్న పిల్లాడిలా.

తీయండి బయటకి. తిమ్మిరెక్కుతాయి.

...తీయరా? సరే, మీ ఇష్టం.

ఏం జరిగిందో మీకు మీరే ఒక తీర్పు చెప్పేసుకున్నారు. నా చేత్తో నేనే దీన్ని చంపబోయాను అని. అంతేనా? డాక్టరు చెప్పినదాంట్లో మీకు కావలసిన ముక్క పట్టుకుని మిగతాదానికి చెవులు మూసేసుకున్నారు. మిగతాదంతా నేను విన్నా. మంచం మీద పడున్నదాన్ని, లేచి ఎక్కడికి పోతాను? చెప్పిందంతా విన్నా.

మోకాలు మార్చాక మనిషి రక్తం మునుపటి రక్తం కాదట. అరిగిన ఎముక కోసేసి కొత్త కీలు బిగించారు కదా. మంచికే కోశారని ఒంటికెవరు చెప్పారు? పెద్ద దెబ్బ తగిలిందనుకుంటుందట. ఉన్న రక్తమంతా కారిపోతుందేమోనని కంగారుపడి, గడ్డకట్టే గుణం పెంచేసుకుంటుందట. గాయం దగ్గర గడ్డకడితే మంచిదే, దానికే కదా ఆ గుణం. కానీ ఆ హడావుడి అక్కడితో ఆగదు. పైన కుట్లు మానిపోయినా లోపల రక్తం వారాల తరబడి అదే తొందరలో ఉంటుందట. మనమేమో నడవం, మంచానికి అతుక్కుపోతాం. పిక్కలో రక్తం నెమ్మదిస్తుంది, అక్కడే పేరుకుంటుంది. చిరుగు కుట్టమని ఇస్తే జేబు నోరు కూడా కలిపి కుట్టేసినట్టు! మీ పనిలో పెట్టి చెబితేనన్నా బుర్రకెక్కుతుందని చెబుతున్నా.

అందుకే కదా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పొట్ట మీద సూదులు పొడిచారు, ఇంటికెళ్ళాక రక్తం పలచబడే మాత్రలిచ్చారు. ఒక్కటైనా మానానా? మీరే కదా గ్లాసు పట్టుకు నిలబడి మింగించారు. పాదాలు పైకీ కిందకీ ఆడించమన్నారు, ఆడించా. వాకరు పట్టుకుని నడవమన్నారు, వసారా అరిగేలా నడిచా. అన్నీ చేసినా కొందరికి గడ్డ కడుతుందట. ఎవరికి కడుతుందో ముందు చెప్పలేరట. డాక్టరు అన్నమాట ఇది, నేను కల్పించింది కాదు: "కాలికి వేసిన ఆ బిగుతు సాక్సు వదులు చేయడం వల్లే గడ్డ వచ్చిందని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను."

అందులో మీకు వినపడింది ఆ చివరి రెండు ముక్కలే.

ఆగండి... కొంచెం ఆగుతా.

ఆ పూట నాకు బాగానే గుర్తుంది. వంటింట్లోకి నడుస్తున్నా. ఉన్నట్టుండి ఛాతీ మీద ఎవరో బీరువా దించినట్టైంది. ఊపిరి సగం దాకా వస్తోంది, మిగతా సగం రావడం లేదు. గుమ్మం పట్టుకుని మిమ్మల్ని పిలిచాననుకున్నా, గొంతు రాలేదు. అదృష్టం బాగుండి మీరు ఇంట్లోనే ఉన్నారు. మెళ్ళో టేపుతోనే అంబులెన్సు ఎక్కారు. పిక్కలో కట్టిన గడ్డ ముక్క తెగి, పైకొచ్చి ఊపిరితిత్తిలో ఇరుక్కుందన్నారు ఇక్కడ. కాలు చూడాలని డాక్టరు నా సాక్సు లాగాడు. లాగి పక్కన పడేస్తాడనుకున్నా. పడేయలేదు. తిరగేశాడు, సాగదీశాడు, దీపం కింద పెట్టి చూశాడు.

"ఎవరు కుట్టారు ఇది?" అన్నాడు.

ఎంత ముచ్చటగా "నేనేనండీ" అన్నారో మీరు!

అయ్యో, మొహం తిప్పుకోకండి. వెక్కిరించడం లేదు. గాలికోసం కొట్టుకుంటూ కూడా నేను మీ మొహమే చూశా. పని మెచ్చుకుంటున్నాడనుకున్నారు కదూ? ఎందుకు మెచ్చుకోడూ! పిక్క వెనక నిలువునా చీల్చి, మెత్తటి సాగే గుడ్డతో సన్న పట్టీ వేసి, నా ఒంటికి ఒరుసుకుంటుందని కుట్టు బయటవైపు పెట్టి, పెట్టినా కనపడనంత సన్నగా కుట్టి... అలాంటి పని చేసే చేతులు ఎన్నున్నాయి ఈ ఊళ్ళో? అందుకే ఛాతీ ముందుకొచ్చింది మీకు.

అప్పుడాయన అన్నాడు. "దీనికి బిగుతే కదండీ మందు. అది తీసేశాక ఇక ఇదెందుకు?" అని. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ క్షణం మీ మొహం చూసి నాకు కలిగిన బాధ, ఊపిరి ఆగినప్పుడు కూడా కలగలేదండీ. నిజం.

అప్పుడు మూసిన నోరు. ఇవాళ పొద్దున నర్సమ్మ కొత్త సాక్సు తెచ్చింది. వాపు తగ్గింది, ఇక వేయొచ్చంది. "మాస్టారూ, ఇలా రండి, ఎలా తొడగాలో నేర్పుతా, ఇంటికెళ్ళాక మీరే వేయాలి" అంది. మీరేం చేశారు? చేతులు వెనక్కి పెట్టుకుని గోడ దాకా జరిగారు. ఆ పిల్ల బిత్తరపోయింది. ఇంటికెళ్ళాక నేను వంగలేను, మీరు ముట్టుకోరు. మరి ఎవరు వేస్తారు? ఇస్త్రీ ఆయన వస్తాడా?

నవ్వండి కొంచెం. నవ్వితే మీ సొమ్మేం పోతుంది?

నీళ్ళివ్వండి.

అదిగో, అది కూడా చేతికివ్వరు. బల్లమీద పెట్టి వెనక్కి వెళ్ళిపోతారు. నా వేలు తగిలితే నేను పోతానా?

లాభం లేదు. ఇంతసేపు వాగానా, ఒక్కటైనా తలకెక్కిందా? రేపు ఆ మనిషి వస్తాడు, మీరు మిషను ఎత్తించి పంపేస్తారు. ఆ తర్వాత ఇంట్లో ఒక మూల ఇలాగే కూర్చుంటారు. మిషను చప్పుడు లేని మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదు. చూడాలని కూడా లేదు.

తలుపు దగ్గరగా వేసి రండి. ఒక మాట చెప్పాలి. పక్కావిడ నిద్రపోతోంది, పర్లేదు.

రండి, ఆ కుర్చీ ఇటు లాక్కోండి. సరే, అక్కడే ఉండండి పోనీ.

ఆపరేషను అయిన మర్నాడు నాకు మొదటిసారి ఆ సాక్సు వేసినప్పుడు మీరు గదిలో లేరు. ఎవరిదో సూటు ఇవ్వాలని కొట్టుకి వెళ్ళారు. నర్సమ్మ వేసింది. వేస్తూ చెప్పింది. "అమ్మా, ఇది బిగుతుగానే ఉంటుంది. కాల్లో రక్తాన్ని పైకి నెట్టడానికే ఆ బిగుతు. విసుగొచ్చి మడవద్దు, వదులు చేయొద్దు, మీకిప్పుడు గడ్డకట్టే కాలం" అంది. అని ఊరుకుందా? నాచేత తిరిగి చెప్పించింది. చెప్పా. ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పా.

వింటున్నారా?

నాకు తెలుసండీ. తెలిసే మీచేత వదులు చేయించా.

అలా చూడకండి. చెప్పనీండి, మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేను.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం మీరు గబగబా నాలుగు ముద్దలు తిని కొట్టుకి బయల్దేరుతున్నారు. "ఇది కరుస్తోందండీ" అన్నా. ఊరికే అన్నా. బిగుతుగా ఉన్నమాట నిజమే, ఓర్చుకోలేనంత కాదు. ఎప్పటిలా "రేపు చూస్తాలే" అంటారనుకున్నా. నా గోధుమరంగు కోటు లోపలి గుడ్డ ఊడిపోతే ఎన్నాళ్ళు వేలాడింది తలుపు వెనక? రేపు, రేపు, రేపు. ఆఖరికి నేనే చేత్తో కుట్టుకున్నా. వంకరగా వచ్చింది. ఊరంతా మీ కుట్టు వేసుకుని తిరిగితే, వాళ్ళింటికి ఆ బట్టలు మోసుకెళ్ళే నేను వంకర కోటుతో వెళ్ళేదాన్ని. గుమ్మంలో వాళ్ళు నన్ను పైనుంచి కిందకి చూసేవాళ్ళు. మీకెప్పుడూ చెప్పలేదు.

కానీ ఆ రోజు మీరు ఆగిపోయారు. చెప్పులు విప్పేసి వచ్చి నేలమీద కూర్చున్నారు. నా కాలు ఎత్తి మీ ఒళ్ళో పెట్టుకున్నారు. చీలమండ చుట్టూ టేపు, పిక్క చుట్టూ టేపు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని "ఇక్కడా? ఇక్కడా?" అని అడుగుతుంటే ఆ మాట ముద్దముద్దగా వచ్చింది. ఊళ్ళో ఎంతమంది విన్నారో ఆ ముద్దమాట! నేను వినడం అదే మొదలు. మీరు నా కొలత తీసుకోవడం అదే మొదలండీ. పెళ్ళినాటి నుంచీ.

కుట్టి తెచ్చి తొడిగారు. బాగుందా అన్నారు. బాగానే ఉంది. హాయిగా ఉంది.

"ఇంకొంచెం కరుస్తోంది" అన్నా.

ఇంకోసారి కూర్చుంటారని. అంతే. ఇంకేం లేదు.

కూర్చున్నారు. ఇంకొంచెం పట్టీ వేశారు.

నర్సమ్మ మాట గుర్తురాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. వాళ్ళు వంద చెబుతారులే, అన్నీ పాటిస్తే బతికినట్టే అనుకున్నా. పిక్క లాగుతుంటే కూడా ఆపరేషను నొప్పే అనుకుని మీకు చెప్పలేదు. ప్రాణం మీదకొస్తుందని తెలిస్తే అడిగేదాన్నా? అడిగేదాన్ని కాదనే అనుకుంటా. ఏమో. నిజం చెప్పమంటే, ఏమో.

ఇంకొకటి ఉంది. అదీ చెప్పేస్తా.

ఈ మాట నిన్ననే చెప్పొచ్చు. మొన్న కూడా, ఆయాసపడుతూ అయినా చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. కొట్టు మూసేసి మీరు ఇక్కడ కూర్చున్నారు. గోడ చూస్తూనే అయినా, నా పక్కన. పొద్దున కళ్ళు తెరిస్తే మీరే, సాయంత్రం దీపాలు వేస్తే మీరే. అటు మీరు కుమిలిపోతున్నారు, ఇటు నేను పడుకుని ఆ కుమిలిపోవడాన్ని... ఛీ, ఏం మనిషిని! బాగుండిందండీ నాకు. ఇస్త్రీ ఆయన వచ్చి మిషను సంగతి చెప్పకపోతే, ఇంకో రెండు రోజులు మిమ్మల్ని అలాగే కూర్చోనిచ్చేదాన్ని.

ఇక మీ చేతుల తప్పేముంది? అవి నేనడిగింది చేశాయి.

...

ఏమిటీ?

ఆ. తెలిసే. తెలిసే చేయించా అన్నానుగా. గట్టిగా అరవకండి, పక్కావిడ లేస్తుంది. కాదు, అరవండి, పర్లేదు. నాలుగు రోజుల తర్వాత వచ్చిన మాట, తిట్టయితేనేం?

లేస్తున్నారా?

చెప్పులు మంచం కిందకి పోయాయి చూడండి. అటు కాదు, ఇటు. ఆ.

కోపం వస్తే మీరు తిన్నగా వెళ్ళి మిషను మీద కూర్చుంటారు, నాకు తెలుసు. ఆ తొక్కుడు చప్పుడు ఇస్త్రీ ఆయన కొట్టు దాటి వినిపిస్తుంది. వెళ్ళండి. రేపు వచ్చేవాడికి లేదని చెప్పండి. నా మీద ఎన్నాళ్ళైనా కోపంగా ఉండండి, కొట్టు తెరిచి ఉండండి. సాయంత్రం రాకపోయినా నేనేం అనుకోను.

అనుకుంటాలెండి. అయినా వెళ్ళండి.

ఆ కొత్త సాక్సా? అక్కడే ఉంచేయండి, మీరు వేయక్కర్లేదు. నర్సమ్మ వేస్తుంది. తను బిగుతుగానే వేస్తుంది, నేనేమీ అనను.